రెండు వరుసల్లో ఇటుక గోడ

డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, కీబోర్డు మీద ‘హెచ్’ కొట్టి, ఎంటర్ నొక్కి, గోడ మధ్యలో ఒక్క క్లిక్ చేస్తే చాలు. ఖాళీగా ఉన్న గోడ క్షణంలో ఏటవాలు గీతలతో నిండిపోతుంది. ఇలా నింపడాన్నే హ్యాచ్ అంటారు. చేత్తో గీసే రోజుల్లో ఇదే పనికి సెట్‌స్క్వేర్ జరుపుకుంటూ, గీతకూ గీతకూ మధ్య దూరం కంటితో సరిచూసుకుంటూ డ్రాయింగ్ బోర్డు ముందు ఓపిగ్గా కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడా శ్రమ లేదు. శ్రమ లేదు కాబట్టే, ఆ గీతలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న సందేహం కూడా చాలామందికి రాదు. కంప్యూటర్‌లో ఎక్కడో ఇటుకల బొమ్మ, కాంక్రీట్ బొమ్మ, గడ్డి బొమ్మ దాచి ఉంటాయనీ, అడిగినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ వాటిని తెచ్చి అతికిస్తుందనీ అనుకుంటారు.

అక్కడ బొమ్మలేవీ లేవు.

ఉన్నదల్లా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైల్, అందులో కామాలతో విడగొట్టిన అంకెలు. ఆటోక్యాడ్‌లో అందరూ వాడే ఏటవాలు గీతల హ్యాచ్, అంటే ఏఎన్‌ఎస్‌ఐ31, మొత్తం ఐదు అంకెల్లో ఇమిడిపోయింది. ఎంత పెద్ద ఇటుక గోడకైనా రెండు వరుసలు సరిపోతాయి. ఈ అంకెలు చదవడం వచ్చినవాళ్లు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జాబితాతో సరిపెట్టుకోనక్కర్లేదు. తమ ఊళ్లో దొరికే ఇటుకను, తాము పరిచే టైలును తామే రాసుకోవచ్చు.

రంగు లేని చోట గీత

గీతలతో అర్థం చెప్పడం కంప్యూటర్ కనిపెట్టిన పద్ధతి కాదు. యూరప్‌లో రాజవంశాల చిహ్నాలకు రంగులే ప్రాణం. అచ్చు యంత్రానికి మాత్రం నలుపు తప్ప మరో రంగు తెలియదు. ఈ చిక్కుకు సిల్వెస్టర్ పెత్రా సాంక్టా అనే ఇటాలియన్ జెసూట్ మతాచార్యుడు 1638లో రోమ్‌లో అచ్చయిన తన పుస్తకంలో పరిష్కారంగా వాడిన పద్ధతి తర్వాత యూరప్ అంతా పాకింది. నిలువు గీతలుంటే ఎరుపు, అడ్డ గీతలుంటే నీలం, ఏటవాలు గీతలుంటే ఆకుపచ్చ, చుక్కలుంటే బంగారు రంగు, ఏమీ లేకపోతే వెండి.

ఇంజినీర్లకూ ఇదే అవసరం మరో దారిలో వచ్చింది. ఒకప్పటి యంత్రాల, భవనాల డ్రాయింగుల్లో కోసిన భాగాలకు నీటిరంగులు పూసేవారు. రంగును బట్టి అది ఇటుకా, ఇనుమా, ఇత్తడా అన్నది తెలిసేది. జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన సైనోటైప్ విధానం బ్లూప్రింట్‌గా మారి, 19వ శతాబ్దం చివరికి డ్రాయింగ్ ఆఫీసుల్లోకి వచ్చింది. ఒక్క మూల చిత్రం నుంచి ఎన్ని కాపీలైనా తీయవచ్చు. కానీ కాపీలో ఉండేవి రెండే రంగులు: నీలం నేల మీద తెల్ల గీత. పూసిన రంగుకు చోటు లేదు కాబట్టి పదార్థాన్ని చెప్పే బాధ్యత గీతల మీద పడింది. ఇనుముకు ఒక రకం, ఉక్కుకు ఒక రకం, రబ్బరుకు ఒక రకం అంటూ జాతీయ ప్రమాణాలు తయారయ్యాయి. ఆటోక్యాడ్ జాబితాలో నేటికీ కనిపించే ఏఎన్‌ఎస్‌ఐ31 నుంచి ఏఎన్‌ఎస్‌ఐ38 వరకు ఉన్న పేర్లు అమెరికా ప్రమాణాల సంస్థ నుంచి వచ్చినవే. 31 ఇనుముకు, 32 ఉక్కుకు, 33 కంచు, ఇత్తడి, రాగికి, 38 అల్యూమినియానికి.

రంగు ప్రింటర్లు వచ్చాక కూడా హ్యాచ్ పోలేదు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంటి ప్లాన్‌లో కూలగొట్టబోయే భాగాన్ని పసుపు హ్యాచ్‌తో చూపాలి. అక్కడ రంగూ గీతా రెండూ కలిసి పనిచేస్తాయి.

ఐదు అంకెల భాష

మిల్లీమీటర్లలో పనిచేసే ఆటోక్యాడ్ ఫైల్‌లో ఏఎన్‌ఎస్‌ఐ31 ఇలా ఉంటుంది:

45, 0,0, 0,3.175

మొదటి అంకె కోణం. గీత 45 డిగ్రీల వాలులో ఉండాలి. తర్వాతి రెండూ మొదటి గీత ఏ బిందువు గుండా పోవాలో చెబుతాయి. ఇక్కడ అది మూలబిందువు. చివరి రెండు అంకెలు తర్వాతి గీత ఎక్కడ ఉండాలో చెబుతాయి. వాటిలో మొదటిది గీత పొడవునా ఎంత జరగాలో, రెండోది గీతకు లంబంగా ఎంత జరగాలో. అంటే, ‘45 డిగ్రీల గీత ఒకటి గియ్యి. 3.175 మిల్లీమీటర్లు పక్కకు జరిగి మళ్లీ గియ్యి. హద్దు ముగిసేదాకా ఇలాగే చెయ్యి’. 3.175 అనే వింత సంఖ్య అంగుళంలో ఎనిమిదో వంతు.

గీత మధ్యలో తెగాలంటే ఐదు అంకెల తర్వాత మరికొన్ని చేర్చాలి. ధన సంఖ్య రాస్తే అంత పొడవున గీత. రుణ సంఖ్య రాస్తే అంత ఖాళీ. సున్నా రాస్తే చుక్క. ఇలాంటివి ఒక వరుసలో ఆరు దాకా రాయవచ్చు. ఆటోక్యాడ్ వివరణల్లో వీటిని ‘పెన్ కిందికి’, ‘పెన్ పైకి’ అంటారు. నిజమైన పెన్ను పట్టుకుని కాగితం మీద గీసిన ప్లాటర్ యంత్రాల కాలపు మాట అది. ఆటోక్యాడ్ తొలి రూపం మార్కెట్లోకి వచ్చిన 1982 నాటికి డ్రాయింగ్ కాగితం మీదికి ఎక్కేది ఎక్కువగా అలాంటి యంత్రాలతోనే.

ఈ భాషలో తలనొప్పి తెప్పించే అంకె ఒక్కటే, గీత పొడవునా జరిగే దూరం. తెగని గీతకు దానితో పనిలేదు, ఎంత జరిపినా గీత అలాగే కనిపిస్తుంది. ముక్కలైన గీతకు మాత్రం ఆకారమంతా దానిలోనే ఉంది. ముగ్గు వేసేవారికి ఇది కొట్టిన పిండి. పై వరసలోని చుక్క కింది చుక్కకు నేరుగా వస్తే సరిచుక్క, రెండు చుక్కల నడిమికి జరిగితే సందుచుక్క. జరుగుదల సున్నా అయితే సరిచుక్క, సగం అయితే సందుచుక్క. ఇటుక కట్టుబడి సందుచుక్క ముగ్గే.

మన ఇటుక, మన లెక్క

ఆటోక్యాడ్‌తో వచ్చే ఏఆర్-బీ816 అనే ప్యాటర్న్ 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు ఉండే అమెరికా కాంక్రీట్ బ్లాకుది. మన తొమ్మిది అంగుళాల ఇటుకకు అది నప్పదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 రెండు రకాల కొలతలను గుర్తిస్తుంది. మాడ్యులర్ ఇటుక 190, 90, 90 మిల్లీమీటర్లు. పాత పద్ధతి ఇటుక 230, 110, 70 మిల్లీమీటర్లు. రెండో దాన్నే తీసుకుని, 10 మిల్లీమీటర్ల సిమెంటు సందు కలిపితే గోడ ముఖం మీద ఒక్కో ఇటుకకు 240 పొడవు, 80 ఎత్తు పడుతుంది. దీన్ని హ్యాచ్‌గా రాయాలంటే ఇంతే:

0, 0,0, 0,80

90, 0,0, 80,120, 80,-80

మొదటి వరుస అడ్డ సందులను గీస్తుంది: సున్నా డిగ్రీల గీత, 80కి ఒకటి. రెండోది నిలువు సందులను గీస్తుంది. కోణం 90. పొడవు 80 గీసి, 80 వదిలేయాలి. అంటే ఒక వరసలో సందు ఉంటే దాని పైవరసలో అదే చోట ఉండదు. తర్వాతి నిలువు గీత 120 పక్కకు, అంటే సగం ఇటుక దూరానికి జరగాలి. అలా జరుగుతూనే 80 పైకి, అంటే ఒక వరస ఎత్తుకు పోవాలి. పైకి జరగడమనే ఈ ఒక్క సూచనతో సందు మీద సందు రాకుండా, మేస్త్రీ కట్టినట్టే, ఇటుక నడిమి మీద సందు పడుతుంది. ఆ 80ని సున్నా చేస్తే కట్టుబడి చెడి, సందులన్నీ ఒకే వరసల్లో పేరుకుంటాయి, మిగతా వరసల్లో అసలు నిలువు సందే ఉండదు.

ఈ రెండు వరుసలకు పైన పేరు వరుస ఒకటి ఉండాలి. అది నక్షత్రం గుర్తుతో మొదలవుతుంది. గుర్తు వెంటనే మధ్యలో ఖాళీ లేని పేరు, కామా, వివరణ రావాలి. ఫైల్‌ను పీఏటీ అనే పొడిగింపుతో భద్రపరచాలి. సొంతంగా పెట్టుకునే ఫైల్‌లో ఒకే ప్యాటర్న్ ఉంటే ఫైల్ పేరూ ప్యాటర్న్ పేరూ ఒకటే కావాలి. చివరి అంకెల తర్వాత తప్పకుండా ఎంటర్ నొక్కాలి. లేకపోతే ఆటోక్యాడ్ ఆఖరి వరుసను చదవదు. కొత్తవాళ్ల ప్యాటర్న్ పనిచేయలేదంటే ముందు వెతకాల్సిన చోటు అదే.

కాంక్రీట్‌లోని త్రికోణాలు

ఇటుకకు క్రమం ఉంది, లెక్క కుదిరింది. మరి కంకర రాళ్లు చెల్లాచెదురుగా పడి ఉన్నట్టు కనిపించే కాంక్రీట్ ప్యాటర్న్ ఏఆర్-కాంక్ మాటేమిటి? అదీ అంకెలే. అంగుళాల ఫైల్‌లోని మొదటి వరుస 50 డిగ్రీల కోణంలో 0.75 పొడవు గీసి 8.25 వదిలేస్తుంది. రెండోది అదే బిందువు దగ్గర మొదలై, 355 డిగ్రీల కోణంలో 0.60 గీసి 6.6 వదిలేస్తుంది. మూడోది రెండో గీత ముగిసిన చోట మొదలై, 100.45 డిగ్రీల కోణంలో దాదాపు 0.637 పొడవున వెళ్లి, సరిగ్గా మొదటి గీత కొసను తాకుతుంది. మూడు గీతలూ కలిస్తే ఒక త్రికోణం. అదే కంకర రాయి.

త్రికోణం ఒక్కసారి కుదరడం తేలిక. జరిగిన ప్రతిచోటా మళ్లీ కుదరడమే కష్టం. మూడు గీతలూ వేర్వేరు కోణాల్లో, వేర్వేరు దూరాలు జరుగుతున్నా ప్రతిచోటా కలుసుకోవాలి కదా. కిటుకు ఖాళీల్లో ఉంది. 0.75కు 8.25 కలిపితే 9, అంటే 0.75కు పన్నెండు రెట్లు. 0.60కు 6.6 కలిపితే 7.2, అదీ పన్నెండు రెట్లే. మూడో గీతా అంతే. చిన్న త్రికోణం ఆకారంలోనే పన్నెండు రెట్లు పెద్ద త్రికోణం ఒకటి కనిపించకుండా నేలంతా పరుచుకుని ఉంటుంది, దాని మూలమూలకూ ఒక రాయి పడుతుంది. ఇలా వేర్వేరు కోణాల్లో మూడు త్రికోణాలు, వాటికి తోడు ఇసుక చుక్కలు చేరేసరికి కన్ను ఆ క్రమాన్ని పట్టుకోలేదు. గజిబిజి అనిపించేది మూడు క్రమాలు ఒకదాని మీద ఒకటి పడటం వల్లే.

అంకెల్లో దశాంశాలు అంత పొడవుగా ఎందుకుంటాయో ఇక్కడే తెలుస్తుంది. తేనెపట్టు గదుల్లాంటి షడ్భుజాల ప్యాటర్న్‌లో భుజం 0.125, వరసల మధ్య దూరం 0.108253175. భుజాన్ని మూడు వర్గమూలంలో సగంతో గుణిస్తే వచ్చే ఈ సంఖ్య దశాంశాల్లో ఎప్పటికీ ముగియదు. ఎందుకొచ్చిన బెడదని 0.1083 అని కుదిస్తే వరసకు వచ్చే తేడా 0.00005 లోపే. కానీ వెయ్యో వరస దగ్గరికి చేరేసరికి అది 0.047 అవుతుంది, అంటే భుజంలో మూడో వంతుకు పైనే. మూలబిందువు దగ్గర ముచ్చటగా ఉన్న షడ్భుజాలు దూరంగా వెళ్లేకొద్దీ మూలలు కలవక విడిపోతాయి.

ఈ భాషకు రాని పనులూ ఉన్నాయి. వక్రరేఖ గీయలేదు. దాన్ని చిన్న చిన్న సరళరేఖలుగా ముక్కలు చేసి రాయాల్సిందే. పునరావృతం కాని అమరికా దీనికి లొంగదు. ఒక సమతలాన్ని ఆకారాల పునరావృత్తితో నింపడానికి మౌలికంగా 17 రకాల సౌష్టవాలే ఉన్నాయని రష్యన్ శాస్త్రజ్ఞుడు ఫ్యొదరోవ్ 1891లో నిరూపించాడు. 1924లో జార్జ్ పోల్యా ఈ అంశం మీద రాసిన పత్రాన్ని డచ్ చిత్రకారుడు ఎషర్ శ్రద్ధగా అధ్యయనం చేశాడు. ఆటోక్యాడ్ ఎషర్ పేరుతో ఒక హ్యాచ్‌ను ఇప్పటికీ అందిస్తోంది. అయితే 1974లో రోజర్ పెన్‌రోజ్ రూపొందించిన టైళ్లు, 2023లో వెలుగుచూసిన ‘హ్యాట్’ అనే ఒంటి టైలు ఎప్పుడూ పునరావృతం కాని అమరికలు. ‘ఇంత జరుగు, మళ్లీ గియ్యి’ అన్న సూత్రం వాటికి చాలదు.

లోపలెంత, బయటెంత

ప్యాటర్న్ సిద్ధమైనా, అది ఎక్కడ ఆగాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియాలి. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో దీనికి సరి–బేసి నియమం ఉంది. ఒక హ్యాచ్ గీత గోడ బొమ్మను ఎడమ నుంచి కుడికి దాటుతోందనుకుందాం. మొదటి హద్దు తగిలాక లోపల ఉన్నట్టు, గీయాలి. రెండోది తగిలితే అది కిటికీ అంచు, ఆపాలి. మూడోది తగిలితే మళ్లీ గోడ, గీయాలి. నాలుగోది తగిలితే బయటపడ్డట్టు. ఆటోక్యాడ్‌లో ‘నార్మల్’ ఐలాండ్ పద్ధతి చేసేది ఇదే. కిటికీలో ఖాళీ వదిలి, కిటికీ లోపల మళ్లీ ఏదైనా మూసిన ఆకారం ఉంటే దాన్ని నింపుతుంది. ‘ఔటర్’ పద్ధతి బయటి పొరతో ఆగిపోతుంది.

ఈ లెక్కంతా హద్దు మూసుకుని ఉన్నప్పుడే. రెండు గోడ గీతలు మూల దగ్గర వెంట్రుకవాసి కలవకపోయినా లోపలికీ బయటికీ తేడా ఉండదు. అందుకే బౌండరీ మూసుకోలేదంటూ సాఫ్ట్‌వేర్ మొరాయించి, సందు ఉన్నచోట ఎర్ర వలయం చూపిస్తుంది. గ్యాప్ టాలరెన్స్, అంటే సాఫ్ట్‌వేర్ చూసీచూడనట్టు వదిలేసే సందు కొలత, పెంచి తప్పించుకోవచ్చు. మూలను కలిపేయడమే మంచి పద్ధతి. మూసిన పాలీలైన్‌తో గీసే అలవాటు హ్యాచ్‌కు మించిన చోట్ల కూడా పనికొస్తుంది. హైదరాబాద్‌లో ఇళ్ల ప్లాన్లను ఆన్‌లైన్‌లో పరిశీలించే పద్ధతి వచ్చాక, సాఫ్ట్‌వేర్ వైశాల్యాలను లెక్కించేది మూసిన పాలీలైన్ల నుంచే.

హ్యాచ్ మీద క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే వైశాల్యం కూడా కనిపిస్తుంది. నాలుగైదు గదుల హ్యాచ్‌లను కలిపి ఎంచుకుంటే మొత్తం వైశాల్యం వస్తుంది. టైళ్ల ఎస్టిమేట్ వేసేవారికి విడిగా కొలిచే పని తప్పుతుంది.

స్కేల్ దగ్గర తడబాటు

హ్యాచ్ కొట్టగానే గది మొత్తం నల్లగా మూసుకుపోవడం, లేదా ఏమీ పడనట్టు ఖాళీగా ఉండటం అందరికీ ఎదురయ్యేదే. తప్పు స్కేల్‌ది. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న గదిని మిల్లీమీటర్లలో అసలు కొలతకు గీసి, స్కేల్ 1తో ఏఎన్‌ఎస్‌ఐ31 వేస్తే పడే గీతలు దాదాపు 1,560. వందో వంతు స్కేల్‌లో ప్రింట్ తీస్తే గీతల మధ్య దూరం మిల్లీమీటర్‌లో ముప్పయ్యో వంతు, అంటే సిరా మడుగే. స్కేల్ 100 పెడితే 15, 16 గీతలు పడతాయి, కాగితం మీద ఎడం మూడు మిల్లీమీటర్లు దాటుతుంది. పెద్ద సైటు మొత్తానికి ఇలా చిన్న స్కేల్‌తో హ్యాచ్ అడిగితే కంప్యూటర్ చతికిలపడకుండా, గీతల సంఖ్యకు ఆటోక్యాడ్ మామూలుగా 10 లక్షల పరిమితి పెట్టుకుంటుంది.

రెండో చిక్కు అంగుళాలకూ మిల్లీమీటర్లకూ మధ్య. ఆటోక్యాడ్‌లో రెండు ప్యాటర్న్ ఫైళ్లు ఉంటాయి, ఒకటి అంగుళాలకు, ఒకటి మిల్లీమీటర్లకు. రెండింటి మధ్య తేడా 25.4 రెట్లు. మెజర్‌మెంట్ అనే వేరియబుల్ 0 ఉంటే మొదటిది, 1 ఉంటే రెండోది తెరుచుకుంటుంది. పక్క ఆఫీసు నుంచి వచ్చిన డ్రాయింగ్‌లో అదే స్కేల్‌తో కొట్టిన హ్యాచ్ పాతికరెట్లు తేడాగా పడిందంటే చూడాల్సింది అక్కడే.

అయితే అన్ని హ్యాచ్‌లకూ స్కేల్ మార్చకూడదు. ఏఎన్‌ఎస్‌ఐ31 ఒక గుర్తు. అది కాగితం మీద చదవడానికి వీలుగా ఉంటే చాలు. ఇటుక ప్యాటర్న్ మాత్రం అసలు వస్తువు. సందుతో కలిపి 240 మిల్లీమీటర్ల ఇటుకను ఏ స్కేల్‌లో ప్రింట్ తీసినా గోడకు అన్నే ఇటుకలు కనిపించాలి, కాబట్టి దాని స్కేల్ ఎప్పుడూ 1. రెవిట్ సాఫ్ట్‌వేర్ ఈ తేడాను ఖచ్చితంగా పాటిస్తుంది. దానిలోకి తెచ్చే పీఏటీ ఫైల్‌లో ఆ ప్యాటర్న్ మోడల్ రకమా (అసలు వస్తువు), డ్రాఫ్టింగ్ రకమా (గుర్తు) అన్నది ముందే రాసి ఉండాలి.

టైళ్లకు ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఏ గదిలో కొట్టినా ప్యాటర్న్ లెక్క మొదలయ్యేది డ్రాయింగ్ మూలబిందువు నుంచే. ఫలితంగా గుమ్మం దగ్గర పూర్తి టైలు బదులు వేలెడంత ముక్క పడుతుంది. ‘సెట్ ఆరిజిన్’తో గది మూలను చూపిస్తే పని మొదలుపెట్టే చోటు నుంచే టైళ్లు పడతాయి. సర్వే డ్రాయింగుల్లో ఈ సమస్య మరింత పెద్దది. తెలుగు నేలలో అత్యధిక భాగం యూటీఎం అనే నిరూపక పద్ధతిలోని 44వ జోన్‌లో ఉంది. ఆ పద్ధతిలో హైదరాబాద్ ఉత్తర నిరూపకమే దాదాపు 19 లక్షల మీటర్లు. మూలబిందువుకు అంత దూరంలో పడే హ్యాచ్‌లో, షడ్భుజాల దగ్గర చూసిన చిన్న చిన్న తేడాలన్నీ పేరుకుని గీతలు వంకరపోవచ్చు. అక్కడ కూడా ఆరిజిన్‌ను స్థలం దగ్గరికి తెచ్చుకోవడమే మందు.

సొంత ప్యాటర్న్ రాసుకునేవాళ్లు ఆటోక్యాడ్ ఇచ్చిన ఫైల్‌ను తాకకుండా, విడి ఫైల్‌లో రాసుకుని, దానికో నకలు భద్రంగా ఉంచుకోవాలి. కొత్త వెర్షన్ వేసినప్పుడు పాత ఫైల్‌లో చేర్చుకున్నవి పోయే ప్రమాదం ఉంది. గీసిన హ్యాచ్ తన లెక్కను డ్రాయింగ్‌లోనే మోసుకెళ్తుంది కాబట్టి ఎవరి కంప్యూటర్‌లో తెరిచినా కనిపిస్తుంది. అదే ప్యాటర్న్‌తో కొత్తగా హ్యాచ్ కొట్టాలంటే మాత్రం పీఏటీ ఫైల్ వాళ్ల దగ్గరా ఉండాలి. క్లయింటుకు డ్రాయింగ్ పంపేటప్పుడు దాన్నీ జత చేయండి.